వాగు దాటని గడి

మా ఊరికి రెండు పేర్లు.
వాగుకు ఇటు వల్కా, అటు వల్గా.
ఇటు లాత్వియా, అటు ఎస్టోనియా.
వేసవిలో పిల్లలు వంతెన మీద
ఒక కాలు ఈ దేశంలో, ఒక కాలు ఆ దేశంలో పెట్టి
ఐస్‌క్రీమ్ తింటారు.

నేను ఇటువైపు ఆస్పత్రిలో నర్సుని.
హెల్యు అటువైపు మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళు.
పొగబెట్టిన చేప ఇక్కడ చవకని
మంగళవారాలు మా సంతకొస్తుంది.
నాలుక్కే చీకటి పడే నవంబరులో
ఆ సంతలోనే కూలబడింది.

జ్వరం నలభైకి రెండు గీతలు తక్కువ.
గుండెల నిండా నెమ్ము.
డాక్టర్ గుంతిస్ సిరంజీ పట్టుకుని
నా వైపు తిరిగాడు:
"ఈవిడకి పెన్సిలిన్ పడుతుందా?"
ఆవిడ పెదాలు కదిలాయి.
ఏ భాషా బయటికి రాలేదు.

కంప్యూటర్‌ని అడిగాను.
ఎంత మర్యాద దానికి!
పేరు చూపింది. పుట్టినరోజు చూపింది.
బీపీ మాత్రల చీటీ వల్గా నుంచి ఎగిరొచ్చి
తెర మీద పిట్టలా వాలింది.
మూడేళ్ళ కింద ఇదీ లేదు మాకు.
మొదటి చీటీ వాగు దాటిన రోజు
మందుల షాపు ఇనారా కేకు కోసింది,
నేనూ తిన్నాను.
'పడని మందులు' అన్న గడి మాత్రం
తెల్లగా ఉంది.
ఏవీ లేవనా? ఎవరూ అడగలేదనా?
ఉన్నాయి గానీ నీకెందుకనా?
ఆ తెలుపు ఏమీ తెలపదు.

ఫోన్ చేశాను.
మా మేడ మీంచి చూస్తే
వాళ్ళ రిసెప్షన్ దీపం కనబడుతుంది.
దీపం కింద పిల్ల ఫోనెత్తడం కూడా కనబడింది.
"సమ్మతి పత్రం మీద సంతకం కావాలండీ."
"ఆ చేతికే ఇప్పుడు సెలైన్ గుచ్చాను."
"అయ్యో," అంది. కాస్త ఆగి,
"అయినా కావాలండీ."
చెడ్డ పిల్ల కాదు.
ఆ రూలు రాసినవాళ్ళూ చెడ్డవాళ్ళు కారేమో.
ఒకరి జబ్బు పదిమంది నోళ్ళలో నానకూడదని
రాసి ఉంటారు.

గుంతిస్ వేరే మందు ఎక్కించాడు,
నిదానంగా పనిచేసేది.
తెల్లారేదాకా ఆవిడ ఊపిరి
నేను లెక్కపెట్టాను.

మూడోరోజు లేచి కూచుంది.
నాకు ఎస్టోనియన్ రాదు, ఆవిడకి లాత్వియన్ రాదు.
ఇద్దరికీ బడిలో బెత్తంతో నేర్పిన రష్యన్‌లో
మాట్లాడుకున్నాం.
"పెన్సిలినా? నా ప్రాణం తీస్తుంది!
పంతొమ్మిదో ఏట గొంతు మూసుకుపోయింది.
మా డాక్టరుకి తెలుసే!"
తెలిసిన డాక్టరు ఎప్పుడో పోయాడట.

ఫారం ఇచ్చాను.
"ఇక్కడ సంతకం పెట్టండి.
మీ ఫైలంతా ఇటొస్తుంది."
పెన్ను ఆగింది.
"అంతానా?"
"అంతా."
"ఎనభై మూడు చలికాలం కూడానా?"

నేను మాట్లాడలేదు.
ఆవిడ దుప్పటి అంచు మడిచింది, విప్పింది.
"ఆర్నెల్లు. లోపల గడియ లేని వార్డు.
సముద్రపు గాలికి వెళ్ళానని
మా అబ్బాయికి చెప్పారు.
వాడికిప్పటికీ అది సముద్రమే."
తర్వాత నెమ్మదిగా,
"పాత కాగితాలు కదా, ఎక్కించి ఉంటారా?"

ఎవరో ఒక పిల్ల
అక్షరం పొల్లుపోకుండా ఎక్కించే ఉంటుంది.
ఆ మాట నేను అనలేదు.

ఫారంలో రెండే గడులు. అవును. కాదు.
దద్దుర్లు దాటొచ్చు, చలికాలం అక్కడే ఉండాలి
అనడానికి మూడో గడి లేదు.
నేనూ వెతికాను, కళ్ళజోడు తుడుచుకుని మరీ.

శుక్రవారం వంతెన దాకా తోడెళ్ళాను.
ఆస్పత్రి నుంచి ఏడు నిమిషాల నడక,
ఆవిడ అడుగుల్లో పదహారు.
అటు గట్టు మీద రిసెప్షన్ పిల్ల
టోపీ లేకుండా వచ్చి నిలబడింది.

చేప చుట్టిన కాగితం చించి
ఆవిడ తన చేత్తో మూడు భాషల్లో రాసుకుంది:
పెన్సిలిన్ వద్దు.
లాత్వియన్ ముక్కకి అక్షరాలు నేను చెప్పాను.
రాసి, తిప్పి,
ఖాళీగా ఉన్న వెనకవైపు చాలాసేపు చూసింది.
ఆ వైపు లోపలికి వచ్చేలా మడిచి
కోటు జేబులో పెట్టుకుంది.